ధర్మతేజ వదులుకున్న ఉద్యోగం

ధర్మతేజకి మేస్టారి ఉద్యోగం వచ్చిందన్న కబురు తెలిసిన రోజు వాళ్ల నాన్న పరదేశి చెరుకు తోటలో నీళ్లు కడుతున్నాడు. కబురు ఫోన్లో విని, పార గట్టు మీద పడేసి, కాళ్ల బురద కూడా కడుక్కోకుండా రోడ్డెక్కాడు. రావికమతం వైపు పోతున్న షేర్ ఆటోని చెయ్యెత్తి ఆపి, ఎక్కకుండానే లోపలున్న వాళ్లందరికీ చెప్పాడు: "మావోడు మేస్టారయ్యేడు." ఆటోలో ఉన్నవాళ్లలో ఒక్కరూ అతనికి తెలిసినవాళ్లు కారు. ఆ సంగతి ఊళ్లో చాలాకాలం నవ్వుకుంటూ చెప్పుకున్నారు.

పరదేశి చదివింది అయిదో తరగతి. రెండెకరాల చెరుకు, ఎకరం వరి. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలి, బండ్ల వరసలో తన వంతు కోసం కాచుకుని కాచుకుని సగం జీవితం గడిచింది. అతని దృష్టిలో మనుషులు రెండు రకాలు. ఇంటికొస్తే కుర్చీ వేసేది కొందరికి, గోనెపట్టా పరిచేది కొందరికి. కొడుకు కుర్చీలో కూర్చోవాలన్నది అతని కోరిక. అంతకు మించి అతను ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు.

కొడుకు మనసు మాత్రం వేరే చోట ఉండేది. పొలంలో మోటారు కాలిపోయినప్పుడల్లా దాన్ని చోడవరంలో కొండబాబు షాపుకి తీసుకెళ్లేవారు. కొండబాబు మోటార్లకి వైండింగు చేస్తాడు. అంటే మాడిపోయిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్లీ తిరిగేలా చేస్తాడు. తండ్రి బజారు పనులు చూసుకుని వచ్చేదాకా ధర్మతేజ ఆ షాపు గుమ్మంలోనే కూర్చునేవాడు. గంటైనా, రెండు గంటలైనా కదిలేవాడు కాదు, ఆకలనేవాడు కాదు. పదో తరగతి ప్యాసయ్యాక ఐటీఐలో ఎలక్ట్రికల్ చదువుతానన్నాడు.

"ఐటీఐ సదివి ఎవుడి మోటార్లు బాగుసేస్తావురా?" అన్నాడు పరదేశి. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. "సేతులకి మసి అంటుకునే బతుకు నాతో పోనీ నాయనా."

ఆ మాటకి ధర్మతేజ ఎదురు చెప్పలేకపోయాడు. ఇంటరు, డీఎడ్, రెండుసార్లు డీఎస్సీ. రెండోసారికి ర్యాంకు వచ్చింది. అతన్ని బలవంతాన ఆ ఉద్యోగంలోకి తోశారని అంటే అది నిజం కాదు. ఇరవై ఆరేళ్లకే గవర్నమెంటు ఉద్యోగం, వెళ్లినచోటల్లా మర్యాద. రోజాతో పెళ్లి కుదిరింది కూడా ఆ ఉద్యోగం చూసే. అతనూ సంతోషపడ్డాడు. ఈ పని నీకు సరిపడుతుందా అని ఎవరూ అతన్ని అడగలేదు. అతనూ తనని తాను ప్రశ్నించుకోలేదు.

దేవరాపల్లి దాటి కొండల వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్లో పోస్టింగు ఇచ్చారు. నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. హెడ్‌మిస్ట్రెస్ దేవిశ్రీ యాభై దాటిన మనిషి, ఒకటీ రెండూ తరగతులు ఆవిడవి. మూడు, నాలుగు, అయిదు ధర్మతేజవి. చోడవరంలో అద్దెకుంటూ రోజూ బండి మీద వెళ్లొచ్చేవాడు.

పాఠం శ్రద్ధగా తయారయ్యేవాడు. బోర్డు మీద అక్షరాలు అచ్చు వేసినట్టు రాసేవాడు. సెలవు పెట్టడం అరుదు. కానీ ఒక్కటి అతని వల్ల అయ్యేది కాదు. చెప్పిందే మళ్లీ చెప్పినా పిల్లలకి అర్థం కాకపోతే ఛాతీలోంచి వేడి లేచి చెవుల దాకా పాకేది. మొదటి ఏడాది కసురుకోవడంతో ఆగింది. రెండో ఏడాది చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టేవాడు. ఆ తర్వాత స్కేలు అరచేతుల మీదికి వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి రోజాతో కూడా మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర దేవిశ్రీ అడిగింది. "తేజ గారూ, మీ బండి చప్పుడు వినపడగానే పిల్లలందరూ ఎందుకు గప్‌చుప్ అయిపోతారో ఎప్పుడైనా ఆలోచించేరా?"

"క్రమశిక్షణ మేడమ్."

"నా రెండో తరగతిలో ఒక గుంటడు పరీక్ష రాయనని ఏడుస్తన్నాడు. ప్యాసైతే మీ క్లాసుకి రావాలి కదా, అందుకంట."

ధర్మతేజ ముఖం గంటు పెట్టుకున్నాడు. తను కష్టపడుతున్నది ఆవిడకి కనపడటం లేదనుకున్నాడు. వారం రోజులు ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాడు.

అసలు సంగతి జరిగింది మూడో ఏడాది ఫిబ్రవరి నెలలో. ఆరోజు దేవిశ్రీ మండలం మీటింగుకి వెళ్లింది. మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నాడు. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయాలి. చిన్నారి అనే పిల్లని లేపాడు. ఆ పిల్ల తల్లీతండ్రీ విశాఖలో బిల్డింగు పనులకి పోతే, ఊళ్లో అమ్మమ్మ అచ్చియ్యమ్మ దగ్గర పెరుగుతోంది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న పదుల్లోంచి ఒకటి తెచ్చుకోవాలని ధర్మతేజ నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ చిన్నారి ఏడులోంచే రెండు తీసేసి ముప్పై అయిదు అని రాసింది. అయిదోసారీ ముప్పై అయిదే.

చెయ్యి చాపమన్నాడు. స్కేలు ఎత్తాడు. ఆ పిల్ల భయంతో చెయ్యి వెనక్కి లాక్కుని తల కిందికి వంచేసింది. స్కేలు అంచు కనుబొమ్మ మీద పడింది.

రక్తం కంట్లోకి కారుతుంటే కన్నే పోయిందనుకున్నాడు. ఎత్తుకోబోతే ఆ పిల్ల ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయింది. వంట చేసే చిన్నతల్లి పరుగెత్తుకొచ్చి, "ఏటైంది బాబూ?" అంది. ఆమెని వెనక కూర్చోబెట్టుకుని, పిల్లని మధ్యలో పెట్టి, బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

కన్ను పోలేదు. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తూ నర్సు, "ఎలా తగిలిందే అమ్మా?" అని అడిగింది.

చిన్నారి ధర్మతేజ వైపు ఒకసారి చూసింది. "పడిపోయేనండి. బల్ల తగిలేసింది," అంది.

ఎవరూ ఆ పిల్లకి అలా చెప్పమనలేదు. నర్సు కాగితం మీద పడిపోయిందనే రాసుకుంది. కాసేపటికి అచ్చియ్యమ్మ రొప్పుకుంటూ వచ్చింది. మనవరాలిని తడిమి చూసుకుని, కన్ను బాగానే ఉందని నమ్మకం కుదిరాక, ధర్మతేజ రెండు చేతులూ పట్టుకుంది. "మా గుంటని బండి మీదెట్టుకుని తీసుకొచ్చేవు బాబూ. నీ పిల్లలు సల్లగుండాల."

రోజాకి అప్పుడు ఏడో నెల. ధర్మతేజ ఆ చేతుల్లోంచి తన చేతులు విడిపించుకోలేకపోయాడు, నిజమూ చెప్పలేకపోయాడు. తలూపి వచ్చేశాడు.

మూడోరోజు చిన్నారి కనుబొమ్మకి ప్లాస్టరుతో బడికొచ్చింది. అడగకుండానే పుస్తకం తెచ్చి, దూరంగా నిలబడి, చెయ్యి బాగా చాచి చూపించింది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేస్తే ఇరవై అయిదు. కింద అలాంటివే ఇంకో ఆరు లెక్కలు, అన్నీ ఒప్పే.

"ఎవరు నేర్పేరు?"

"పక్కింటి రూపక్కండి. సింతపిక్కలతో సెప్పింది."

రూపాదేవి ఎనిమిదో తరగతి చదివే పిల్ల. ఒక సాయంత్రం కూర్చుని, చింతపిక్కలు పదేసి కుప్పలు పోసి నేర్పింది. ధర్మతేజ ఆ పుస్తకం మీద టిక్కు పెట్టాడు. మిగతా రోజంతా పిల్లలతో ఒక్క లెక్క చేయించలేకపోయాడు.

శనివారం బడి అయ్యాక అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె ఆవు దగ్గర పేడ తీస్తోంది. అతన్ని చూసి చేతులు కడుక్కుని, కుర్చీ తెచ్చి వేసింది. అతను కూర్చోలేదు.

"చిన్నారి పడిపోలేదండీ. నేను కొట్టాను."

"గుంటలు అన్నారు," అంది అచ్చియ్యమ్మ. "నేను నమ్మలేదు. కొట్టినోడే మోసుకొస్తాడేటర్రా అని ఆళ్లనే తిట్టేను." కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది. "దెబ్బంటే మానిపోద్ది బాబూ. ఇంత గుంట నీ కోసం అబద్దమాడింది. అది దానికి ఎవులు నేర్పేరు?"

"నేనే."

"మరైతే దానికి సెప్పు. నాకు కాదు."

చిన్నారిని పిలిచింది. ఆ పిల్ల అమ్మమ్మ చీర పట్టుకుని వెనక దాక్కుంది. ధర్మతేజ నేల మీద కూర్చున్నాడు. "నువ్వు పడిపోలేదమ్మా. నేను కొట్టాను. తప్పు నాది. ఎవరడిగినా అలాగే చెప్పు." పిల్ల చీర చెంగు నోట్లో పెట్టుకుని అతని చేతుల వైపే చూస్తోంది.

అచ్చియ్యమ్మ తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. "ఇంక ఎల్లు బాబూ," అంది.

సోమవారం పొద్దున్నే దేవిశ్రీకి జరిగినదంతా కాగితం మీద రాసిచ్చాడు. ఆవిడ చదివి, "నాకు పిల్లలు మర్నాడే చెప్పేరు," అంది. "మీరే చెప్తారేమోనని చూసేను. ఇవాళ కూడా చెప్పకపోతే నేనే పైకి రాసేదాన్ని."

విచారణ జరిగింది. అతనే ఒప్పుకున్నాడు కాబట్టి మెమో ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు ఆపి, వేరే బడికి మార్చమని రాశారు. ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. ఆ కాగితం చేతికొచ్చిన రోజునే ధర్మతేజ రాజీనామా రాసి దేవిశ్రీ బల్ల మీద పెట్టాడు.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "తొందరపడకండి. మనుషులు మారతారు. నేను కూడా మొదట్లో కొట్టేదాన్ని."

"నేనూ మారతానేమో మేడమ్. మారేదాకా ఎంతమంది పిల్లలు?"

దేవిశ్రీ ఆ కాగితం తీసుకుని సొరుగులో పెట్టింది.

పరదేశి మర్నాడే చోడవరం వచ్చాడు. లోపలికి రాకుండా వరండాలోనే నిలబడ్డాడు. "నీకేటి తక్కువ సేసేనురా నేను?"

"ఏమీ తక్కువ చేయలేదు నాన్నా."

"పిల్లల్ని కొట్టని మేస్టారు ఎక్కడైనా ఉన్నాడేటి? నన్ను కొట్టలేదా? నేను సచ్చిపోయేనా?"

"నిన్ను కొట్టేరు. నువ్వు అయిదుతో ఆగిపోయేవు."

ఆ మాట ఎలా వచ్చిందో ధర్మతేజకి తెలీదు. తండ్రి ముఖం చూశాక వెనక్కి తీసుకుందామన్నా దారి లేకపోయింది. పరదేశి తలగుడ్డ సరిచేసుకుని, మెట్లు దిగి బస్టాండు వైపు నడిచిపోయాడు.

రోజా ఏడ్చింది. మేస్టారని చేసుకున్నానని ముఖం మీదే అంది. రెండు రోజుల తర్వాత వంట చేస్తూ చేస్తూ, "నాకు కోపం పోలేదు," అంది. "కానీ బడి నుంచి వచ్చేక మీ మొహం రోజూ చూసినదాన్ని నేనే. అలాంటి మొహంతో రేపు మన బిడ్డని ఎత్తుకుంటారేమోనని భయమేసేది. ఇంక మీ ఇష్టం."

ధర్మతేజ కొండబాబు షాపుకి వెళ్లాడు. ఆ షాపు గోవాడ పోయే రోడ్డులో, పాత చోటనే ఉంది. కొండబాబుకి అరవై దాటాయి, చూపు మందగించింది. "మేస్టారు బాబూ, మీకెందుకండీ ఈ మసి?" అన్నాడు. ధర్మతేజ దాపరికం లేకుండా అంతా చెప్పాడు. కొండబాబు కాలిపోయిన మోటారొకటి అతని ముందుకి తోసి, "తీగంతా పీకు. ఎన్ని చుట్లున్నాయో లెక్కెట్టి సెప్పు," అన్నాడు.

మొదటి నెలలు అదే పని. మాడిన తీగ వాసన ఒంటికి పట్టి సబ్బుకి కూడా పోయేది కాదు. ఆ తర్వాత ఇన్సులేషన్ పేపరు కత్తిరించడం, కాయిల్ చుట్టడం, గట్టిగా లాగకుండా, వదులు కాకుండా లోపల సర్దడం, వార్నిష్ పెట్టి ఆరబెట్టడం. అయిదో నెలలో ఒక మోటారు మొత్తం తనే చుట్టాడు. మూడు రోజులు పట్టింది. కరెంటు ఇచ్చి చూస్తే రెండు నిమిషాలు తిరిగి పొగ వచ్చేసింది.

కొండబాబు అతని ముఖంలోకి చూశాడు. "కోపం రాలేదేటి?"

"దేనికి బాబాయ్?"

"మూడ్రోజుల పని బూడిదైపోయింది గదా."

అప్పుడు గానీ ధర్మతేజ గమనించుకోలేదు. నిజంగానే కోపం రాలేదు. ఎక్కడ తీగ పూత గీసుకుపోయిందా అని అతని చేతులు అప్పటికే వెతకడం మొదలుపెట్టాయి. దొరికాక తీగంతా విప్పి మళ్లీ మొదటి నుంచి చుట్టాడు. రెండోసారికి మోటారు శబ్దం లేకుండా తిరిగింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారిలో బండి ఆపి కూర్చుండిపోయాడు. తనకి సరైన పని దొరికిందని సంతోషపడాల్సిన వేళ అది. కానీ అతనికి గుర్తొచ్చింది వేరే. మోటారు తిరగకపోతే కారణం ఉంటుందని వెతికే మనిషి, పిల్లకి లెక్క రాకపోతే కారణం వెతకలేదు. ఈ ఓపిక తనలో లేకపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఉంది. మూడేళ్లపాటు ఆ తరగతి గదిలోకి మాత్రం రాలేదు.

ఇది జరిగి ఏడేళ్లయింది. కొండబాబు కంటి ఆపరేషన్ తర్వాత షాపు ధర్మతేజకే అప్పగించాడు. ఇప్పుడు పొద్దున్న వచ్చి బెంచీ మీద కూర్చుని అతని చేత పేపరు చదివించుకుంటాడు. కూతురు కాస్త పెద్దదయ్యాక రోజా ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. పాఠం చెప్పడం ఆమెకి బాగా వచ్చింది. ఇంటికొచ్చి క్లాసు కబుర్లు చెబుతుంటే ధర్మతేజ మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా వింటాడు. కూతురి హోంవర్కు దగ్గరికి మాత్రం వెళ్లడు.

పరదేశి కొడుకుతో ఏడాదిన్నర మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా షాపు గుమ్మం తొక్కలేదు. సొంత పొలంలో మోటారు కాలిపోతే అనకాపల్లి పట్టుకెళ్లి బాగు చేయించుకున్నాడు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే, "మావోడు మేస్టారే. లాంగు లీవులో ఉన్నాడు," అని చెప్పేవాడు. ధర్మతేజ పక్కనే ఉన్నా కాదని అనేవాడు కాదు.

కిందటేడు వేసవిలో కళ్లజోడు కోసం చోడవరం వచ్చిన పరదేశి ఉన్నట్టుండి షాపు ముందు ఆగాడు. కొండబాబు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. అరగంట కూర్చున్నాడు. కొడుకు కాయిల్ చుడుతుంటే చుట్లు తనూ లోలోపల లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలాయి. కొండబాబు టీ తాగొస్తానని లేచి వెళ్లాక, పరదేశి నెమ్మదిగా అన్నాడు.

"ఆరోజు అన్నావు గదా, నన్ను కొట్టబట్టి అయిదుతో ఆగిపోయేనని."

"అనకూడని మాట నాన్నా."

"పదమూడో ఎక్కం రాలేదని ఎండలో మోకాళ్ల మీద కూకోబెట్టేసేరు. బడి వదిలేదాకా. మర్నాడు ఎల్లలేదు. గేదెలు కాయడానికి మా అయ్యకి మనిషి కావాల, అందుకే మానేసేనని అందరికీ సెప్పేను. మీయమ్మకి కూడా అదే సెప్పేను." కొడుకు చేతిలోని కాయిల్ వైపు చూస్తూ, "ఆ గుంట సదువుతోందా?" అన్నాడు.

"పదో తరగతికొచ్చింది. వాళ్లూరోళ్లు మోటారు తెచ్చినప్పుడు చెప్పేరు."

పరదేశి తలూపి, కర్ర తీసుకుని లేచాడు. ఆ తర్వాత కూడా పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే లాంగు లీవనే చెబుతున్నాడు.

మొన్న ఏప్రిల్లో దేముడమ్మ అనే ముసలామె దేవరాపల్లి దగ్గర్నుంచి ఆటోలో మోటారు వేసుకొచ్చింది. చెరుకు ఎండిపోతోంది, ఇవాళే కావాలంది. రేపు పొద్దున్నకి గానీ అవదన్నాడు ధర్మతేజ. ఆ రోజంతా గుమ్మంలోనే కూర్చుంది, మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి కూర్చుంది. అయిందా బాబూ అని అడగడం, ఇంకా అవలేదమ్మా అని అతను చెప్పడం. ఎన్నిసార్లని లెక్కలేదు.

వార్నిష్ ఆరాక మోటారు బిగిస్తుంటే ఆమె అడిగింది. "నీ మాట సూత్తే సదువుకున్నోడిలాగున్నావు. ముందు ఏం పని సేసేవోడివి బాబూ?"

"బళ్లో పిల్లలకి పాఠాలు చెప్పేవాడిని."

"మరి మంచి ఉద్యోగమే గదా. మానేసేవేటి?"

"చెప్పడం నాకు రాలేదమ్మా."

దేముడమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ధర్మతేజ కరెంటు ఇచ్చాడు. మోటారు ఒక్కసారి అదిరి తిరగడం మొదలుపెట్టింది. దాని మీద చెయ్యి ఆనించి వేడెక్కుతోందా అని పది నిమిషాలు చూశాడు. వేడెక్కలేదు. ఆటోవాడు ఒకవైపు, అతను ఒకవైపు పట్టుకుని మోటారుని ఆటోలోకి ఎక్కించారు. మొదటిరోజు మధ్యమధ్య ఆపుతూ నడపమనీ, ఓల్టేజీ తక్కువున్నప్పుడు వేయొద్దనీ ఆమెకి రెండుసార్లు చెప్పాడు. ఆమెకి అర్థమైనట్టు అనిపించకపోతే మూడోసారి కూడా చెప్పాడు.